మా డాబా మీద నీడ గడియారం: ప్రాజెక్టు డైరీ

నవంబరు 6

పని ఏంటంటే, మా డాబా మీద ఎండతో నడిచే గడియారం ఒకటి కట్టాలి. ఐదు నిమిషాలకి మించి తేడా రాకూడదు. ఇంట్లో పడి ఉన్న సామానుతోనే అవ్వాలి, తప్పక కొనాల్సి వస్తే వంద రూపాయలు దాటకూడదు. ఇది నేను పెట్టుకున్న రూలు, నా పర్సు పెట్టిన రూలు అన్నా ఒకటే. మా ఫిజిక్స్ మేడం పెట్టిన రూలు వేరే ఉంది. కొలతలూ లెక్కలే కాదు, ఏ పని ఎవరి వల్ల అయిందో ఆ రోజుకారోజు డైరీలో రాయాలట. "రికార్డు చివర కృతజ్ఞతలు అని ఓ పేజీ పెట్టి, ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి దేవుడి దాకా అందరికీ కలిపి ఒకే దండం పెట్టేస్తారు మీరు. అది నాకొద్దు" అన్నారు.

మా ఊరు పిఠాపురం. అక్షాంశం 17.1 డిగ్రీలు, రేఖాంశం 82.25. ఈ రెండు అంకెలే ఈ ప్రాజెక్టుకి పెట్టుబడి.

బల్లపరుపు పలక మీద గీతలు గీసి, మధ్యలో వాలుగా ఓ రేకు నిలబెట్టేది అందరికీ తెలిసిన రకం. నేనూ దాంతోనే మొదలుపెట్టి గీతల కోణాలు లెక్క కట్టాను. గంట కోణం (పన్నెండు నుంచి గంటకి 15 డిగ్రీల చొప్పున) టాన్ విలువని అక్షాంశం సైన్ విలువతో గుణిస్తే గీత కోణం టాన్ వస్తుంది. పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య నాలుగున్నర డిగ్రీలే వచ్చింది. సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్యనేమో 42. లండన్‌లో అయితే ఆ మొదటి గంటకే దాదాపు 12 డిగ్రీలు దొరుకుతుంది. భూమధ్యరేఖకి దగ్గరున్న మనకి మధ్యాహ్నం గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఇరుక్కుంటాయి. ఐదు నిమిషాలు చదవడం ఆ ఇరుకులో అయ్యే పని కాదు.

అందుకని రెండో రకం. సూర్యుడు మన చుట్టూ గంటకి 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. ఆ తిరుగుడు భూమి అక్షం చుట్టూ. కాబట్టి నీడనిచ్చే కడ్డీని అక్షానికి సమాంతరంగా, అంటే ఉత్తరం వైపు 17 డిగ్రీలు పైకెత్తి పెట్టి, దాని చుట్టూ గుండ్రటి గోడ కడితే గంటల గీతలన్నీ సమాన దూరంలో పడతాయి. జైపూర్ జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రం చేసేదీ ఇదే. దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. వాలు కూడా 27 డిగ్రీలే, జైపూర్ అక్షాంశం అంత కాబట్టి. నాకు గుండ్రటి గోడ అంటే నిలువునా చీల్చిన పైపు ముక్క. కడ్డీ అంటే సైకిలు చువ్వ.

నవంబరు 8

నాన్నది ప్లంబింగు పని. రాత్రి ఎనిమిది దాటాక బండి వెనక ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క కట్టుకొచ్చాడు, ఎక్కడో పనిలో మిగిలిందట. పొడవు 25 సెం.మీ., లోపలి వ్యాసం 15.2. చువ్వ కూడా తెచ్చాడు, నేను అడగడం మర్చిపోయినా.

గుండ్రటి పైపు మీద నిలువునా తిన్నగా గీత గీయడం ఎంత కష్టమో గీసి చూస్తేనే తెలుస్తుంది, స్కేలు నిలవదు. నాన్న ఇనప యాంగిల్ ముక్క తెచ్చి పైపుని ఆ మూలలో పడుకోబెట్టాడు. యాంగిల్ అంచు వెంట పెన్సిలు లాగితే ఇక వంకర పోవడానికి దారి లేదు. ఎదురు వైపు గీత కోసం పేపరు ముక్క పైపు చుట్టూ తిప్పి, సరిగ్గా కలిసిన చోట చింపి, సగానికి మడిచి మళ్లీ చుట్టాడు. మడత ఉన్న చోట చుక్క. పై (π) లెక్క రాకుండా వృత్తాన్ని రెండు సమభాగాలు చేసేశాడు.

కోసేటప్పుడు పైపు నేను పట్టుకున్నాను. "తొందరపడకు, వేడెక్కితే బ్లేడుకి అంటుకుపోతుంది" అంటూ హాక్సాని నిదానంగా ఆడించాడు. రెండు ముక్కలయ్యాక కొలిస్తే అంచుల మధ్య దూరం 15.2 లేదు, రెండు మిల్లీమీటర్లు తగ్గింది. పైపు లోపలికి ముడుచుకుంది! "చీల్చిన పైపు ఎప్పుడూ మూసుకుంటుంది" అన్నాడు నాన్న, ఆశ్చర్యం ఏమీ లేకుండా. ఎందుకో తర్వాత చదివాను. పైపు తయారయ్యేటప్పుడు బయటి పొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలి పొర తర్వాత చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, బయటి పొర ముడుచుకోనివ్వదు. ఆ లాగుడు అలాగే లోపల ఉండిపోయి, కోసినప్పుడు బయటపడుతుంది. నాన్నకి ఈ కారణం చెప్తే శ్రద్ధగా విని, "అయితే మందం పైపు ఎక్కువ ముడుచుకోవాలే" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మంచి ప్రశ్న, మేడంని అడగాలి.

రెండు చివర్లా ప్లైవుడ్ అర్ధచంద్రాలు కోసి బిగించాక పైపు మళ్లీ 15.2కి వచ్చింది. చువ్వ వాటి మధ్యలో నుంచి పోతుంది. కింద చివర నీళ్లు పోవడానికి కన్నం పెట్టమన్నది కూడా నాన్నే. నా బొమ్మలో వాన లేదు.

నవంబరు 9

ఇవాళ్టి పని గంటల గీతలు. అర్ధవృత్తం పొడవు 23.9 సెం.మీ., దాన్ని పన్నెండు భాగాలు చేయాలి. రెండేసి సెంటీమీటర్లు పెట్టుకుంటూ పోతే చివర ఒక మిల్లీమీటరు చాలదు. ఈ గడియారంలో మిల్లీమీటరంటే మూడు నిమిషాలు.

నేను క్యాలిక్యులేటర్ పట్టుకుని 1.99, 3.98, 5.97 అని రాసుకుంటుంటే అమ్మ కుట్టు మిషను ఆపి చూసింది. బ్లౌజులు కత్తిరించే బ్రౌను పేపరులోంచి 23.9 పొడవు పట్టీ తీసింది. మూడు మడతలు వేయడం కష్టం కదా, అమ్మకి కాదు. పట్టీని వదులుగా మూడు వంపులు తిప్పి, చీర కుచ్చిళ్లు సర్దినట్టు రెండు చివరల్నీ ఒక్కొక్క వెంట్రుక వాసి జరుపుతూ, మూడు అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాక అప్పుడు బొటనవేలి గోరుతో నొక్కింది. ముందు నొక్కలేదు. సగానికి ఒకసారి, మళ్లీ సగానికి ఇంకోసారి. విప్పితే పన్నెండు. ఇంకో మడత వేస్తే అరగంటలు కూడా వచ్చేశాయి. నేను స్కేలుతో ఒక్కో భాగం కొలిచి చూశాను. తప్పు దొరుకుతుందేమోనని కొలిచానన్నది నిజం. దొరకలేదు.

పట్టీ పైపు లోపల అతికించి గీతలు దింపుతుంటే అమ్మ అడిగింది: "ఈ అంచు ఉదయం ఆరు, ఆ అంచు సాయంత్రం ఆరు అన్నావు. మరి ఎండాకాలం ఐదున్నరకే పొద్దు పొడుస్తుందిగా, ఆ అరగంట ఎక్కడ పడుతుంది?"

ఎక్కడా పడదు. పైపు అక్కడితో అయిపోయింది. జూన్‌లో మా అక్షాంశం దగ్గర సూర్యుడు గడియారం లెక్కన నిజంగానే ఆరుకి అరగంట ముందు వస్తాడు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, కాగితం మీద గడియారం బొమ్మ మొదటిసారి చూసిన పావుగంటలో పట్టుకున్న లోపం ఇది. డైరీలో "పరిమితులు" అనే శీర్షిక కింద రాసి, ఎదురుగా అమ్మ పేరు రాశాను.

నవంబరు 12

ఉత్తరం ఎటు? ఫోను కంపాసు డాబా మీద ఒక్కో మూల ఒక్కో రకంగా చెప్తోంది. స్లాబులో ఇనప చువ్వలు ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది.

పాత పద్ధతే చేశాం. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల కాలం నుంచీ ఉన్నదే. నేల మీద నిలువుగా ఓ కడ్డీ పాతి, చుట్టూ వృత్తం గీస్తారు. కడ్డీ కొన నీడ పొద్దున లోపలికొచ్చేటప్పుడు వృత్తాన్ని ఎక్కడ తాకిందో ఒక గుర్తు, మధ్యాహ్నం బయటికి పోయేటప్పుడు ఎక్కడ తాకిందో ఇంకో గుర్తు. ఆ రెండిటినీ కలిపితే తూర్పు పడమర.

మా తాత తాపీ మేస్త్రి. మానేసి చాలా ఏళ్లయింది గానీ సామాను సంచి మంచం కిందే ఉంటుంది. రెండడుగుల చువ్వని ఇటుకల మధ్య నిలబెట్టి, గుండు వేలాడదీసి రెండు వైపుల నుంచీ నిలువు చూశాడు. నేను ఒకవైపు నుంచి చూసి చాలనుకున్నాను. "ఒకవైపు చూస్తే గోడ ఎప్పుడూ నిలువుగానే ఉంటుందే బుజ్జీ" అన్నాడు. వృత్తం మామ్మ ముగ్గుపిండితో వేసింది, దారం పట్టుకుని, రెండున్నర అడుగుల వ్యాసార్ధం.

పొద్దున 9:10కి నీడ కొన గీతని తాకింది. ఇక మధ్యాహ్నం దాకా పని లేదు. అమ్మ పెసరట్లు పైకే పంపింది, డాబా మీద నీడ చూసుకుంటూ తిన్నాం. 2:20కి మళ్లీ తాకింది. తాత రెండు గుర్తుల నుంచీ దారంతో చాపాలు కొట్టి అవి కలిసిన చోటికి గీత లాగాడు. అది ఉత్తర దక్షిణం.

అంతా అయ్యాక నోట్సు రాస్తుంటే తట్టింది. 9:10కీ 2:20కీ సరిగ్గా మధ్య 11:45. అంటే సూర్యుడు నడినెత్తి గీత దాటింది పన్నెండుకి కాదు, పావుగంట ముందే! సూర్యుడు ఏ నెలలో గడియారం కంటే ఎంత ముందో ఎంత వెనకో చూపిస్తూ మేడం క్లాసులో బోర్డు మీద గీసిన వంకర గీత ఇదేనని గుర్తొచ్చింది. నవంబరు మొదట్లో సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు. మా ఊరు మన గడియారాలకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి పావు డిగ్రీ పడమర కాబట్టి ఒక నిమిషం తగ్గుతుంది. పదహారులోంచి ఒకటి తీస్తే పదిహేను. బోర్డు మీది అంకె ముగ్గుపిండి గీత మీద దొరికింది! మెట్లు రెండేసి దిగి అమ్మకి చెప్పాను. అమ్మ హుక్కులు కుడుతూ "మరి బళ్లో పన్నెండు గంట తప్పు కొడుతున్నారా" అంది.

నవంబరు 13, తెల్లవారుజామున

కార్తీకమాసం. మామ్మ పాదగయలో స్నానానికి నాలుగింటికే లేస్తుంది. ఆవిడతో పాటు లేచి డాబా ఎక్కాను. నిన్నటి గీత వెంట ఉత్తరం చూస్తే, కొబ్బరి మొవ్వుల పైన కొంచెం ఎత్తులో ధ్రువ నక్షత్రం. అంత కిందకి ఉంటుందనుకోలేదు. 17 డిగ్రీలంటే చెయ్యి చాపి పెట్టిన పిడికిళ్లు రెండూ నిండా లేవు. ఈశాన్యంలో సప్తర్షి మండలం లేస్తోంది. మామ్మ కూడా పైకొచ్చి, వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపిస్తుందా అని అడిగింది. కనిపించింది. "నాకు పెళ్లినాడు కనబడలేదు, కనబడిందని చెప్పేశాను" అంది. ఇది ప్రాజెక్టుకి సంబంధించింది కాదు, అయినా రాసుకుంటున్నాను.

నవంబరు 17

పునాది. "పదిహేడు డిగ్రీల వాలు కావాలి తాతా" అంటే, "డిగ్రీలు నాకెందుకు, అడుక్కి ఎన్ని అంగుళాల వాటమో చెప్పు" అన్నాడు. టాన్ 17.1ని పన్నెండుతో గుణిస్తే 3.7. "మూడుముప్పావుకి కాస్త తక్కువ." "అదీ, అలా చెప్పు."

పిట్టగోడ పక్కన మూడు ఇటుకలు, ఒకటికి నాలుగు పాళ్లు మాలు. ముందు లెవెల్ గొట్టంలో నీళ్లు పోసి అడుగు మట్టం చూశాడు. పోయినేడు తాతకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను అయింది, దగ్గరివి అంత స్పష్టంగా కనిపించవు. వాలు చెక్కేటప్పుడు చూసిందే తక్కువ. తాపీ అంచుని మాలు మీద ఆనించి, తల పక్కకి తిప్పి, వేళ్లతో వాలు వింటున్నాడా అన్నట్టు ఆగుతాడు, ఇంకో పొర తీస్తాడు, మళ్లీ ఆగుతాడు. ఆరిన తర్వాత కోణమానిని పెట్టాను. పదిహేడు దాటి ముల్లు వెంట్రుకంత. ఫోను యాప్‌తో కూడా చూశాను, అదే. తాత ఈ పరీక్షలేవీ చూడలేదు, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నీళ్లు కొట్టే డ్యూటీ వారం రోజులు నాది.

నవంబరు 24

అల్పపీడనం. ముసురు. నీళ్లు కొట్టే డ్యూటీ వాన తీసుకుంది. చదువుకుంటూ కూర్చున్నాను. దేశమంతటికీ ఒకే సమయం 1906 జనవరి 1 నుంచి వచ్చిందట. అంతకుముందు రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి, ఇప్పటి సమయం కంటే తొమ్మిది నిమిషాలు వెనక. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైములు వదల్లేదు. ఊరికో మధ్యాహ్నం ఉండేదన్నమాట. నా పైపులో ఇప్పటికీ ఉండబోతోంది.

డిసెంబరు 1

ఎండ! పైపుని పునాది మీద కూర్చోబెట్టి నాలుగు మూలలా మాలు పెట్టాం. నీడ పన్నెండు గీత మీదకి వచ్చినప్పుడు ఫోనులో 11:50. పుస్తకం ప్రకారం రావాల్సిందీ అంతే.

చదవడంలో చిక్కు ఒకటుంది. చువ్వ మందం రెండు మిల్లీమీటర్లు, అంటే నీడే ఆరు నిమిషాల వెడల్పు. దాని రెండు అంచులూ చూసి మధ్య తీసుకోవాలి. ఆ అంచులు కూడా మసక. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అర డిగ్రీ తిరగడానికి రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి, పైపు ఎంత పెద్దది తీసుకున్నా ఆ రెండు నిమిషాల మసక పోదు. పెద్దది కడితే ఆ మసక కూడా పెద్దగా కనిపిస్తుంది, అంతే. నాకు ఐదు నిమిషాలు చాలు కదా, బాధ లేదు.

అమ్మ మగ్గం పని డబ్బాలోంచి నల్లపూస ఒకటి ఇచ్చింది. చువ్వ మధ్యలో ఎక్కించి జిగురు పెట్టాను. చువ్వ నీడ అడ్డంగా జరిగి గంట చెప్తుంది, పూస నీడ పైపు పొడవునా జరిగి నెల చెప్తుంది. విషువత్తు రోజున (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) సరిగ్గా పూస ఎదురుగా, చలికాలం పై చివర వైపు, ఎండాకాలం కింద చివర వైపు. డిసెంబరు 21 నాటికి ఎదురు గీత నుంచి 33 మిల్లీమీటర్లు పైకి పోవాలి. పెన్సిలుతో ఇవాళ్టి చుక్క పెట్టాను.

డిసెంబరు 8

మామ్మ మినప వడియాలు పెట్టే రోజు. నా గడియారం ఉన్న చోటే ఎండ బాగుంటుందని ఆవిడ వాదన. "ధనుర్మాసం వస్తోంది, మెట్లగది ఉత్తరం వైపు ఇక మూడు మూరల దాకా ఎండ రాదు. ఆ చివరే పెట్టుకోవాలి" అంది. నేను లెక్క కట్టాను. మెట్లగది ఎనిమిది అడుగులు, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి నలభై డిగ్రీలకి పైగా దక్షిణానికి వాలతాడు, నీడ ఆరుమ్ముప్పావు అడుగులు. మూరలోకి మారిస్తే నాలుగున్నర. "మూడు కాదు మామ్మా" అంటే, గోడ పక్కన ముగ్గుపిండి డబ్బాలూ కుండీలూ ఉన్న మూరన్నర ఎలాగూ వాడనని, తను చెప్పింది వాడుకునే జాగా లెక్క అని తీసిపారేసింది.

వేసవిలో ఆ నీడ అటు కాదు, దక్షిణానికే పడుతుందని కూడా ఆవిడకి తెలుసు. "రోహిణి కార్తెలో ఇటువైపు అరచెయ్యంత." మే 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మా నడినెత్తిన ఉంటాడు, మళ్లీ ఆగస్టు 4 ప్రాంతంలో. ఆ మధ్య రోజులన్నీ ఆయన మాకు ఉత్తరాన. ఈ సంగతి నేను ఇంటర్‌లో బొమ్మ చూసి నేర్చుకున్నాను. మామ్మ వడియాలు ఎండబెట్టి నేర్చుకుంది.

బేరం కుదిరింది. వడియాల చీర గడియారానికి దక్షిణంగా పరిచాం. చదువుకుంటూ కాకుల్ని తోలడం నా వంతు. సాయంత్రానికి పచ్చివి కొన్ని నోట్లోకి పోయాయి.

డిసెంబరు 15

తునిలో పిన్ని ఇంటికి పోతూ అమ్మా నేనూ ముందు అన్నవరంలో దిగాం. దర్శనం అయ్యాక గుడి దగ్గరున్న నీడ గడియారం చూశాం. చిన్నప్పుడు ఎన్నిసార్లు దాని పక్కనుంచి ప్రసాదం కోసం పరిగెత్తి ఉంటానో. దాని చుట్టూ నిలబడ్డవాళ్లందరూ చేసే పని ఒకటే, చేతి గడియారమో ఫోనో తీసి చూసుకోవడం. అమ్మ పక్కనున్న ఎవరో ఆవిడకి, సూర్యుడు ఒక్కో నెల ఒక్కో రకంగా ముందూ వెనకా అవుతాడని, తప్పు గడియారానిది కాదని చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్కకి వెళ్లి విస్తరాకులో ప్రసాదం తింటూ విన్నాను. బాగా చెప్పింది, నాకంటే.

అన్నవరం 82.4 దగ్గర, తుని 82.55 దగ్గర. మన దేశం టైమంతా ఆధారపడిన 82.5 రేఖ ఈ రెండు ఊళ్ల మధ్యే ఎక్కడో రైలు పట్టాల్ని దాటుతుంది. జీపీఎస్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. 82.49, 82.50. బయట మామిడితోట, గట్టు మీద గేదె. బోర్డు లేదు, గీత లేదు. నేను మాత్రం "ఇదే, ఇదే" అని గట్టిగా అన్నాను, ఎదురు సీటు పెద్దాయన ఏం పోయిందోనని కిందకి చూశాడు.

డిసెంబరు 25

అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం. సెలవు కదా అని నిద్రపోతుంటే పొద్దున్నే లేపాను. కూకట్‌పల్లి హాస్టలు డాబా మీద వాడు కూడా కడ్డీ నిలబెట్టి వృత్తం గీయాలి. కడ్డీ బదులు చీపురు కర్ర, ముగ్గుపిండి బదులు షేవింగ్ ఫోమ్. రూమ్మేట్లు ఏమనుకున్నారో చెప్పలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఫోను మాట్లాడుతూనే ఉన్నాం, నెలల తర్వాత అంతసేపు. ఎక్కువ భాగం అమ్మ చేసిన చికెన్ గురించి.

ఇవాళ సూర్యుడికీ గడియారానికీ తేడా దాదాపు సున్నా. మాకు మధ్యాహ్నం 12:01. అన్నయ్యకి వచ్చింది 12:16. పావుగంట, అంటే రోజులో 96వ వంతు. మా రెండు డాబాల మధ్య మ్యాపులో తిన్నగా 410 కిలోమీటర్లు. 410ని 96తో గుణిస్తే 39,360. మా అక్షాంశం దగ్గరి వృత్తం అది. కొసైన్ 17.3తో భాగిస్తే భూమధ్యరేఖ చుట్టుకొలత 41,200 కిలోమీటర్లు. అసలుది 40,075. మూడు శాతం తేడా కూడా లేదు! చీపురు కర్రతో, షేవింగ్ ఫోమ్‌తో భూమిని కొలిచాం.

అంకె చెప్పగానే అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకోసారి లెక్క చెప్పు, రాసుకుంటాను" అన్నాడు. డిగ్రీ తర్వాత వాడు లెక్క అడిగింది ఇదే.

జనవరి 16

పండక్కి ఇల్లంతా జనం. పిల్లలు గడియారం చుట్టూ చేరి నీడని వేలితో ఆపాలని చూస్తున్నారు. మధ్యాహ్నం ఇప్పుడు 12:10కి. నవంబరులో పావుగంట ముందున్న సూర్యుడు ఇప్పుడు వెనకపడ్డాడు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా పోతుంది, దానికి అక్షం వంపు తోడవుతుంది. డిసెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి 24 గంటల మీద ఇంకో 30 సెకన్లు పడుతుంది. రోజూ అరనిమిషం పోగవుతుంది. పగలు పెరుగుతున్నా జనవరి మూడో వారం దాకా తెల్లారడం ఆలస్యమవుతూనే ఉండటం ఇందుకే. "సంక్రాంతి వెళ్లినా ఇంకా చీకటేంటి" అని మామ్మ ఏటా సణిగేది ఊరికే కాదు.

పూస నీడ తిరిగింది. డిసెంబరు 21 చుట్టుపక్కల రెండు వారాలు కదిలినట్టే లేదు, చుక్క మీద చుక్క పడింది. ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లు కిందకి వచ్చింది. ఉత్తరాయణం డిసెంబరులోనే మొదలైపోయిందని పూస సాక్ష్యం. తాత ఒప్పుకోలేదు, పంచాంగం తెచ్చాడు. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకి ఓ చుట్టు చొప్పున మెల్లగా తిరుగుతుందని, 1,700 ఏళ్ల కిందట సూర్యుడు ఉత్తరానికి తిరిగే రోజూ మకర సంక్రాంతీ ఒకే రోజు వచ్చేవని, అప్పటి నుంచి విడిపోతూ వచ్చాయని చెప్పాను. తాత పూసనీ పంచాంగాన్నీ మార్చి మార్చి చూశాడు. మామ్మ కిందనుంచి అరిచింది: "ఆయన ఎప్పుడు తిరిగితేనేం, అరిసెలు నొక్కడానికి ఎవరొస్తున్నారో చెప్పండి."

ఫిబ్రవరి 11

ఏడాదిలో సూర్యుడు ఎక్కువ వెనకపడే రోజులు ఇవే, పద్నాలుగు నిమిషాల పైన. నీడ పన్నెండు మీదకి వచ్చేసరికి ఫోనులో 12:15. నవంబరు నుంచి రాసిన అంకెలన్నీ గ్రాఫు కాగితం మీద పెడితే బోర్డు మీది వంకర గీతలో ముప్పాతిక భాగం లేకపోయినా పెద్ద దిగుడు వచ్చింది. ఎక్కడా మూడు నిమిషాలకి మించి తప్పలేదు. నెలవారీ సవరణ పట్టిక నాన్న ఎనామిల్ పెయింటుతో రేకు మీద రాసి పిట్టగోడకి కొట్టాడు. బోరు మోటార్ల మీద నంబర్లు రాసే చెయ్యి, అంకెలు ముద్దుగా వచ్చాయి. మొత్తం ఖర్చు ఆ పెయింటు డబ్బా, 60 రూపాయలు.

మేడం డైరీ చదివి, పైపు మందం గురించి నాన్న అడిగిన ప్రశ్న కింద ఎర్ర ఇంకుతో గీత గీసి "ఇది కొలిచి చూడు" అని రాశారు. నాన్న ఇప్పటికే రెండు మందాల పైపు ముక్కలు పక్కన పెట్టాడు.

అమ్మ ఆ ఉదయం అరగంట సంగతి వదల్లేదు. చీల్చిన పైపులో రెండో సగం అటక మీదే ఉంది. అందులోంచి సెంటీమీటరు వెడల్పు పట్టీ కోసి పడమటి అంచు మీద అతికిస్తే ఎండాకాలం ఐదున్నర నుంచీ నీడ పట్టుకోవచ్చంది. నిజమే, కానీ ఆరుకి ముందు ఎండకి తూర్పు అంచు అడ్డం కాబట్టి దాన్ని కూడా సెంటీమీటరు కోయాలి, పైగా అదే పట్టీ సాయంత్రం ఐదున్నర తర్వాత ఎండకి అడ్డం పడుతుంది. ఆ మాట చెప్తే మిషను పెట్టె సొరుగు లాగి వెతికింది. "అతికించడం ఎందుకు, టిచ్ బటన్లు పెడితే పొద్దున పడమటి అంచుకి పెట్టుకుని తర్వాత తీసి తూర్పు అంచుకి పెట్టుకోవచ్చు" అంది. పీవీసీకి టిచ్ బటను ఏ జిగురుతో నిలుస్తుందో ఆదివారం చూడాలి.